పెంపకం చేపే భవిష్యత్తు అంటున్నారు సరే, మరి దాని మేత ఎక్కడిది?

నీలిగీత అడిగారు:
హోటళ్ల సంస్థలో సరుకు కొనే పని నాది. చేపలు, రొయ్యలు, పీతలు, ఆల్చిప్పలకు ఏడాది ఒప్పందాలు రాసుకుంటాం. ఐదేళ్లలో మనం కొనేదేదీ సముద్రానికి నష్టం చేయకూడదు, దానికి ప్రణాళిక రాసివ్వమని ఈసారి పైనుంచి చెప్పారు. రెండు వారాలుగా కాగితాల ముందే కూర్చున్నాను. ఒక సరఫరాదారు "మాదంతా పెంపకమే, సముద్రం జోలికే పోం" అంటాడు. ఇంకొకాయన సముద్రానికి హాని లేదని ధ్రువీకరించే ముద్ర ఉన్న పత్రం చూపిస్తాడు. 2022లో ప్రపంచంలో జలజంతువుల పెంపకం ఉత్పత్తి 94.4 మిలియన్ టన్నులకు చేరి, మొదటిసారి వేటను దాటిందని ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్‌ఏవో) నివేదికలో చదివాను. అంటే సముద్రం మీద భారం తగ్గినట్టేనా? నాకు ముద్రలు వద్దు, పని తెలిసినవాళ్ల మాట కావాలి.

ఉప్పుగాలి:
తొమ్మిదేళ్లు ట్రాలర్ల మీద పరిశీలకుడిగా తిరిగాను. వల ఎత్తిన ప్రతిసారీ డెక్ మీద పడినదాన్ని వేరుచేసి తూచడం, కొలబద్ద మీద చేపను పడుకోబెట్టి పొడవు రాయడం, తల కోసి చెవి రాయి తీసి భద్రపరచడం నా పని. ఆ చిన్న రాయిలో చెట్టు మానులో ఉన్నట్టు వలయాలుంటాయి. వాటిని లెక్కపెడితే చేప వయసు తెలుస్తుంది. అందుకే మీ ప్రశ్నకు నా మొదటి జవాబు లెక్క గురించే. పెంపకమా, వేటా అన్నది దాని తర్వాత.

కెనడా తూర్పు తీరంలోని న్యూఫౌండ్లాండ్ దగ్గర దొరికే కాడ్ చేప సంగతి చూడండి. 1968లో ఒక్క ఏడాదిలో ఎనిమిది లక్షల టన్నులు పైన పట్టారు. 1980ల్లో పెద్ద ఓడల వలలు నిండుగానే వచ్చేవి, అది చూసి చేప బాగానే ఉందనుకున్నారు. నిజానికి మిగిలిన చేప ఒకచోట గుంపు కట్టింది, ఓడలకు ఆ గుంపును వెతికే పరికరాలున్నాయి. చేప చిన్నదైపోతోందని తీరం దగ్గర చిన్న పడవల వాళ్లు చెబుతూనే ఉన్నారు. 1992 జూలైలో వేట ఆపేశారు. దాదాపు 30 వేల మందికి పని పోయింది. రెండేళ్లకని ఆపినది 2024 దాకా నడిచింది. ఓడ నిండుగా వచ్చిందన్న మాట వింటే నాకు ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది.

చిన్న అబద్ధాలు ఎక్కడ మొదలవుతాయో కూడా చెబుతాను. ఒక రాత్రి వలలో కోరుకోని పిల్ల చేపలు పడ్డాయి. కెప్టెన్ మర్యాదస్థుడే, నా పక్కన కూర్చుని "ఆ రెండు బుట్టలు రాయకపోతే ఏమవుతుంది తమ్ముడూ" అన్నాడు. రాశాను. ఆ రెండు బుట్టలు నూరు ఓడల మీద రాయకపోతే, ఒడ్డున కూర్చుని కోటా, అంటే ఎంత చేప పట్టనివ్వాలో, లెక్కగట్టేవాళ్ల అంచనా మొత్తం తప్పుతుంది. అందుకని సరఫరాదారును ఇలా అడగండి: ఏ జాతి, ఏ సముద్ర ప్రాంతం, ఏ వలతో, ఓడ మీద పరిశీలకుడో కెమెరానో ఉందా? జవాబివ్వలేనివాడి దగ్గర ముద్ర ఉన్నా నేను కొనను.

నిరాశ పడకండి. అట్లాంటిక్ బ్లూఫిన్ ట్యూనాను ఒకప్పుడు అంతరించే ప్రమాదమున్న జాబితాలో పెట్టారు. కోటాలు గట్టిగా కోసి, చేప చేతులు మారిన ప్రతిచోటా పత్రం పెట్టాక కోలుకుంది. 2021లో ప్రమాదం అతి తక్కువ ఉన్న వర్గంలోకి మార్చారు.

జలచరం:
నేను మేత తయారీ వైపు మనిషిని. నీలిగీత గారూ, "సముద్రం జోలికే పోం" అన్న మాటను అలాగే తీసుకోకండి. సాల్మన్, రొయ్యలాంటి వాటి మేతలో చేపపిండి, చేపనూనె ఉంటాయి. వాటిలో చెప్పుకోదగ్గ భాగం పెరూ తీరంలోని ఆంకోవెటా అనే చిన్న చేప నుంచి వస్తుంది. 2023లో సముద్రం వేడెక్కింది, సర్వేలో వలకు పిల్ల చేపలే ఎక్కువ తగిలాయి. అక్కడి మొదటి వేట సీజన్ రద్దు చేశారు. ఆ దెబ్బ ప్రపంచమంతటి మేత ధరలకు తగిలింది.

మంచి మార్పూ ఉంది. సోయా, కోతల్లో మిగిలిన తలలూ ఎముకలూ, ఈగ పురుగుల పిండి, నాచు నుంచి తీసిన నూనె కలుపుతూ చేపపిండి వాటా తగ్గిస్తున్నాం. మాటల్లో చెప్పినంత తేలిక కాదు. పాళ్లు తప్పితే చేప తినదు, తిన్నా పెరగదు. అందుకే కిలో చేపకు ఎంత చేపపిండి, ఎంత చేపనూనె పోయాయో అడగండి. మేత అక్కరలేనివి కావాలంటే ఆల్చిప్పలు, వాటిలాంటివే అయిన మసెల్స్, సముద్రపు నాచు ఉన్నాయి. ఆల్చిప్ప నీళ్లలోని సూక్ష్మజీవులను వడకట్టుకుని బతుకుతుంది. మీ మెనూలో వాటికి పెద్ద చోటివ్వండి.

నీలిగీత:
ఇద్దరికీ ధన్యవాదాలు. నిన్న నా జాబితాలోని వాళ్లందరికీ ఉప్పుగాలి గారి ప్రశ్నలూ మేత లెక్కా పంపాను. ఇద్దరు వెంటనే రాశారు, ఒకరు "ఇదంతా ఎందుకండీ" అన్నారు. ఇంకో సందేహం. లెక్క సరిగ్గా ఉంచితే చాలునా? నీళ్లే వేడెక్కుతుంటే?

ఉప్పుగాలి:
చాలదండీ, మనస్ఫూర్తిగా చెబుతున్నాను. అలాస్కా, రష్యాల మధ్య ఉన్న బేరింగ్ సముద్రంలో మంచు పీతలు (స్నో క్రాబ్) 2018 తర్వాత వేయి కోట్లకు పైగా మాయమయ్యాయి. వేట లెక్కలు సర్వేలతో సహా బాగా నడిచే చోటు అది. వేడికి వాటి ఆకలి పెరిగింది, తిండి చాలక చచ్చిపోయాయని పరిశోధకులు 2023లో తేల్చారు. 2022లోనే అక్కడ ఆ పీతల సీజన్ మూసేశారు. ఏటా సర్వే ఉంది కాబట్టే మూయాలని తెలిసింది.

కాబట్టి మీ ఒప్పందంలో ఒక వాక్యం పెట్టమంటాను: వేట మూసేసిన ఏడాది ఆ జాతి బదులు మరో జాతి తీసుకుంటాం, సరఫరాదారుకు జరిమానా వేయం. జరిమానా భయం ఉన్నవాడు మూసిన నీళ్లలోకైనా ఓడ పంపిస్తాడు. అలా వెళ్లిన ఓడల మీద నేను పనిచేశాను. ఆ "ఇదంతా ఎందుకండీ" అన్నాయనకు ఇంకోసారి రాయండి, ఫోన్ చేసి మాట్లాడండి. చాలామందికి ఇంతవరకూ ఎవరూ అడగలేదు, అంతే.