పెరట్లో పెంచడానికి బాతులు మేలా, కోళ్లు మేలా?

పర్లాకిమిడి నివాసి:
మాది పర్లాకిమిడిలో పాత వీధి. ఇంటి వెనుక 20 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు గల పెరడు, అందులో ఒక నుయ్యి, ఒక అరటి బోద ఉన్నాయి. ఇంటి వాడకానికి గుడ్లు వస్తాయన్న ఆశతో నాలుగైదు పక్షులను పెంచాలనుకొంటున్నాము. అమ్మ నాటుకోళ్లే తెమ్మంటున్నది. మా అబ్బాయి మాత్రం పాతపట్నం దారిలోని చెరువులో బాతులను చూసిన నాటి నుంచి అవే కావాలని పట్టుబడుతున్నాడు. బాతులకు రోగాలు తక్కువని కొందరు, పెరడంతా కంపు చేస్తాయని మరికొందరు చెబుతున్నారు. పెంచిన అనుభవం ఉన్నవారు కారణాలతో సహా చెప్పగలరని కోరుతున్నాను.

కాశీనగర్ రైతు:
నమస్కారమండి. వంశధార కాలువ కింద మాకు వరిపొలం ఉంది. నేను బాతుల పక్షమే. నాటుకోడి పెట్ట ఏడాదికి 60 నుంచి 80 గుడ్లు పెడుతుంది, ఒక విడత పెట్టగానే పొదుగుకు కూర్చుంటుంది. ఖాకీ క్యాంప్‌బెల్ అనే మేలుజాతి బాతు మంచి మేత దొరికితే 250 నుంచి 300 వరకు పెడుతుంది. నాటుకోడి గుడ్డు 40 గ్రాములు తూగితే బాతు గుడ్డు 65 నుంచి 70 గ్రాములు తూగుతుంది. కోడి గుడ్లు మొదటి ఏడాది తరువాత తగ్గుముఖం పడతాయి కాని, బాతు రెండో ఏడాది కూడా బాగానే పెడుతుంది. గుడ్ల కోసం గడ్డివాములు, పొదలు వెతకవలసిన పని కూడా లేదు. బాతులు తెల్లవారుజామునే పెడతాయి కాబట్టి ఉదయం 9 గంటల వరకు గూటిలోనే ఉంచి ఆ తరువాత వదిలితే గుడ్లన్నీ ఒక్కచోటే దొరుకుతాయి.

పొలానికి అవి చేసే మేలు వేరు. ఊడ్పులైన రెండు మూడు వారాలకు, మొక్క వేరు పట్టాక బాతులను మడిలోకి వదిలితే పురుగును, కలుపు మొలకను, నత్తను ఏరి తింటాయి, నడుస్తూ బురదను కలియబెడతాయి. ఆ నత్తల్లో కొన్ని పశువులకు కార్జపు జలగ వ్యాధిని మోసేవి. వెన్ను తీసే సమయానికి మాత్రం బాతులను మడి నుంచి మళ్లించాలి, లేకపోతే గింజను దూస్తాయి. కార్బోఫ్యూరాన్ అనే పురుగుమందు గుళికలు చల్లిన మడి దరిదాపులకు కూడా వాటిని పోనివ్వకూడదు, ఆ మందు పక్షులకు ప్రాణాంతకం. ఇక కొక్కెర తెగులు వస్తే వీధిలో కోళ్లన్నీ నాలుగు రోజుల్లో తుడిచిపెట్టుకుపోతాయి. బాతులు ఆ తెగులుకు అంత తేలికగా లొంగవు.

గుణుపురం ఉపాధ్యాయిని:
అన్నగారూ, మీ పోలికలో న్యాయం లేదు. మేలుజాతి బాతును తెచ్చి నాటుకోడి పక్కన నిలబెట్టి గుడ్లు లెక్కపెడితే ఎవరు గెలుస్తారో ముందే తెలుసు. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంచాలనాలయం పెరటి పెంపకం కోసమే గ్రామప్రియ, వనరాజా రకాలను రూపొందించింది. గ్రామప్రియ పెట్టకు కాస్త దాణా తోడైతే ఏడాదికి 150కి పైగా గుడ్లు పెడుతుంది. పోల్చవలసింది దానితో.

కోడికి ఉన్న గొప్ప గుణం గురించి ఎవరూ చెప్పడం లేదు. పొద్దుగూకగానే అది తనంతట తానే గూటికి చేరుతుంది. బాతులను ఒకరు తోలుకొని రావాలి, చీకటి పడ్డాక కూడా అవి తిరుగుతూనే ఉంటాయి, ముంగిసకో కుక్కకో చిక్కుతాయి. ఉద్యోగాలకు వెళ్లివచ్చే ఇళ్లలో ఇది చిన్న విషయం కాదు. ఆడ బాతు అరుపు కూడా పట్టణపు వీధిలో పొరుగువారికి ఇబ్బందే. అయితే పుంజు కూత మాత్రం ఇబ్బంది కాదా అంటారేమో. గుడ్ల కోసమే పెంచుకొనేవారికి పుంజు అవసరమే లేదు.

కొక్కెర తెగులుకు టీకా ఉంది. కోడిపిల్లలకు మొదటి వారంలో కంటిలోనో ముక్కులోనో వేసే చుక్క, రెండు నెలల వయసులో ఇంజెక్షన్ వేయిస్తే చాలావరకు కాపాడుకోవచ్చు. సీసా తెస్తే వందల కోళ్లకు సరిపోతుంది, కలిపిన మందును రెండు గంటల్లోపు వాడేయాలి, అందువల్ల ఐదు కోళ్లున్న ఇల్లాలు ఒక్కరే తేలేరు. మా వీధిలో అందరం ఒకే ఉదయం గంపల కింద కోళ్లను మూసి ఉంచి, ఒకే సీసాతో వేయించుకొంటున్నాము.

సిరొంచ పెద్దాయన:
మాది గడ్చిరోలి జిల్లా, ప్రాణహిత గోదావరిలో కలిసే చోటు. ఇక్కడ ఎండాకాలంలో 45 డిగ్రీలు దాటుతుంది. నదులు రెండున్నా వేసవిలో ఇంటి పెరట్లో బాతుకు నీడ, నీరు సమకూర్చడం కష్టమే. అడుగంటిన కుంటల్లోకి వదిలితే, కుళ్లిన చేపల మధ్య పుట్టే విషం వల్ల మెడలు వాల్చి చచ్చిపోతాయి. మరొక మాట కూడా గుర్తుంచుకోవాలి. మన దేశంలో బర్డ్ ఫ్లూ మొదట బయటపడింది మా మహారాష్ట్రలోనే, 2006 ఫిబ్రవరిలో, నందుర్బార్ జిల్లా నవాపూర్‌లో. బాతులు ఆ వైరస్‌ను జబ్బు పైకి కనిపించకుండానే మోయగలవు. అందువల్ల కోళ్లతో కలిపి పెంచాలనుకొనేవారు ఆలోచించి అడుగు వేయాలి.

బరంపురం పశువైద్య సహాయకుడు:
ఉద్యోగ విరమణ చేసినవాడిని, ఇంటింటి పెరళ్లు చూసిన అనుభవంతో రాస్తున్నాను. ఇక్కడ అందరూ గుడ్లను లెక్కపెడుతున్నారు. అడగవలసిన మొదటి ప్రశ్న అది కాదని నా గట్టి నమ్మకం. వాడిన నీరు ఎటు పోతుంది? బాతుల పెంపకం నిలిచేదీ చెడేదీ దీని మీదే.

బాతు ఈదకపోయినా బతుకుతుంది, గుడ్లు పెడుతుంది. కాని కళ్లు, ముక్కు రంధ్రాలు మునిగేంత లోతు, అంటే జానెడు లోతు నీరు రోజూ దానికి అందాలి. అది లేకపోతే కళ్లు పుసిగట్టి వాస్తాయి. ఆ నీటిలోనే మేత నములుతుంది, బురద కడుగుతుంది, రెట్ట వేస్తుంది. ఉదయం పోసిన తేట నీరు మధ్యాహ్నానికి కుడితిలా మారుతుంది. దానిని పారబోసి మళ్లీ నింపాలి. నాలుగు బాతులకు రోజూ కొన్ని బిందెల మురికినీరు బయటికి పోయే దారి ఉండాలి. కోడి రెట్ట గట్టిగా ఉంటుంది, బూడిదో ఊకో చల్లి ఊడ్చి ఎరువుకుప్పలో వేయవచ్చు. బాతు రెట్ట పలుచన, నేలలోకి ఇంకుతుంది. కంపు అంటున్నది పక్షిది కాదండి, దారి లేక నిలిచిన నీటిది. కాలువ గట్టున బాతుల మంద ఉన్న చోట మీకు ఎప్పుడైనా ఆ వాసన వచ్చిందా?

పర్లాకిమిడి వారు తమ పెరట్లో నుయ్యి ఉందని ఒక్క మాటలో చెప్పి వదిలేశారు. ఈ చర్చంతటికీ అదే కీలకమని నా అభిప్రాయం. 200 చదరపు అడుగుల చోటులో బాతుల నీరు ఎక్కడ పారబోసినా నూతికి దగ్గరే. వర్షాకాలంలో నీటిమట్టం పైకి వచ్చినప్పుడు ఆ రెట్టల నీరు నూతిలోకి ఊరితే ఇంటిల్లిపాది ఆరోగ్యానికే ముప్పు.

మేత విషయంలోనూ తేడా ఉంది. బాతు పిల్లలకు నియాసిన్ అనే విటమిన్ కోడి పిల్లల కంటే దాదాపు రెట్టింపు కావాలి. కోడి పిల్లల దాణాతోనే పెంచితే కాళ్లు వంకరపోతాయి. బూజు పట్టిన వేరుశనగ చెక్కలోని అఫ్లటాక్సిన్ అనే విషానికి బాతులు చాలా త్వరగా బలవుతాయి, కోడి తట్టుకొన్న పాళ్లు కూడా బాతు పిల్లను చంపుతాయి. బాతులకు రోగాలు తక్కువన్న మాట నిజమే అయినా వాటికి డక్ ప్లేగు అనే సొంత రోగం ఉంది, 8 వారాల వయసు దాటాక దానికి టీకా వేయించాలి.

కాశీనగర్ రైతు:
పెద్దలు చెప్పిన నీటి మాట కాదనలేనిది. కాని ఆ నీటిని ముప్పుగా మాత్రమే చూడకండి. సిమెంటు గాబు ఒకటి కట్టించి, అడుగున గొట్టం పెట్టి ఆ నీటిని అరటి బోదకు పారిస్తే ఎరువు కొననవసరం లేదు. రెండు బాతుల నీటిని ఒక అరటి బోద హాయిగా తాగుతుంది.

బరంపురం పశువైద్య సహాయకుడు:
రెండింటి నీటిని తాగుతుంది, వేసవిలో తాగుతుంది. శ్రావణ భాద్రపదాల్లో నేల తడిసి ముద్దయినప్పుడు ఆ బోద ఎంత పీల్చగలదు? బాతు ఒంటరిగా కుంగిపోయే పక్షి, కనీసం మూడైనా ఉండాలి. ఆ వీధిలో మురుగు కాలువ ఉంటే దారి దొరికినట్టే, అయినా నుయ్యి మాత్రం అక్కడే ఉంటుంది కదా.

పర్లాకిమిడి నివాసి:
అందరికీ కృతజ్ఞతలు. నూతి చప్టాకు, అరటి బోదకు మధ్య ఎనిమిది అడుగులే ఉంది, ఆ నీళ్లే మేము వంటకు వాడుతున్నాము. కాబట్టి కోళ్లే తెస్తాము, అమ్మ కోరిక కూడా అదే. రెండు నాటు పెట్టలు, మూడు గ్రామప్రియ పెట్టలు అనుకొంటున్నాము. అబ్బాయి కోసం ఒక పోతు బాతును మాత్రం కోళ్లతో కలిపి ఉంచవచ్చునా? నాటు పెట్ట కింద బాతు గుడ్లు పొదిగించవచ్చునని అమ్మ అంటున్నది, అది నిజమేనా?

బరంపురం పశువైద్య సహాయకుడు:
పోతు బాతును ఒంటరిగా కోళ్ల మధ్య దయచేసి ఉంచకండి. తోడు లేని పోతు కోడిపెట్టల మీదికి పోతుంది. పుంజుకు లేని జననాంగం దానికి ఉంటుంది, ఆ దెబ్బకు పెట్టలు లోపల గాయపడి చచ్చిపోవచ్చు.

అమ్మగారు చెప్పింది నిజం. ఖాకీ క్యాంప్‌బెల్ దాదాపుగా పొదగదు, అందువల్ల పల్లెల్లో ఆ పని నాటు పెట్టకే అప్పగిస్తారు. కోడి గుడ్డుకు 21 రోజులు పడితే బాతు గుడ్డుకు 28 రోజులు పడుతుంది. ఆ అదనపు వారం రోజులు పెట్ట మేత మాని నీరసించకుండా రోజూ ఒకసారి దింపి నూకలు, నీరు పెట్టాలి. ఎనిమిది గుడ్లకు మించి పెట్టకండి, అవి పెద్దవి కాబట్టి రెక్కల కిందికి రావు. చివరి రోజుల్లో వాటి మీద గోరువెచ్చని నీరు చిలకరించాలి. పిల్లలను రెండు మూడు వారాలు మాత్రమే ఉంచుకొని నీటి వసతి ఉన్నవారికి ఇచ్చేయండి.

కాశీనగర్ రైతు:
ఆ పిల్లలను మా పొలానికి నేనే తెచ్చుకొంటాను. మా మందలో పోతులున్నాయి కాబట్టి గుడ్లు పిల్లకట్టేవే. కార్తీకంలో చలి మొదలయ్యాక మీ పెట్ట పొదుగుకు కూర్చోగానే కబురు చేయండి, వారం లోపు పెట్టిన గుడ్లు ఎనిమిది ఊకబుట్టలో సర్ది కాశీనగర్ బస్సులో నేనే తెచ్చి ఇస్తాను. దారిలో కుదుపులకు ఒక రోజు నిలకడ ఇచ్చి, మరునాటి సాయంత్రం పెట్ట కింద చేర్చాలి.