కైమీరాలో ఆ మేక ఎందుకు అసలు?

పెర్సీ జాక్సన్ అనే కుర్రాడి ఫాంటసీ నవలల్లో మొదటి పుస్తకం ఇప్పుడే చదువుతున్నా, అమెరికాలోని సెయింట్ లూయీస్ ఆర్చ్ కట్టడం పైన ఒకావిడ చేతిలో చువావా కుక్క ఉంటుంది కదా, అది కాస్తా కైమీరా అనే గ్రీకు పురాణాల రాక్షసి అయిపోయింది, సింహం తల, పాము తోక ఓకే భయమేస్తుంది, కానీ ఒళ్ళు మేకదట!! మేకకి ఎవడన్నా భయపడతాడా? రచయిత కామెడీకి పెట్టాడా?

జవాబు 1:
కామెడీ కాదు బ్రో, పాత గ్రీకు కావ్యం ఇలియడ్‌లోనే అలా ఉంది, ముందు సింహం, వెనక పాము, మధ్యలో మేక, నోట్లోంచి మంట. అసలు గ్రీకులో ఆ పేరుకి అర్థమే ఆడమేక. రచయిత సొంతంగా కలిపింది ఆ కుక్క వేషం, రాక్షసిగా మారాక కూడా మెడలో మెరిసే రాళ్ళ పట్టీ అలాగే ఉంటుంది చూడు, నాకు భలే నచ్చింది అది.

జవాబు 2:
ఇటలీలో ఫ్లోరెన్స్ మ్యూజియంలో ఉన్న కైమీరా కంచు బొమ్మ ఫోటో చూడండి, 1553లో అక్కడి అరెజ్జో ఊళ్ళో దొరికింది. మేక తల వీపు మీంచి మొలుచుకొచ్చి ఉంటుంది, నవ్వు రాదు.

జవాబు 3:
నా కంప్లయింట్ వేరే. పాత గ్రీకు కథలో బెల్లెరోఫోన్ అనే వీరుడు పెగాసస్ అనే రెక్కల గుర్రం ఎక్కి పైనుంచి కొడతాడు, ఈటె చివర సీసం ముద్ద పెట్టి నోట్లో పొడిస్తే దాని మంటకే సీసం కరిగి గొంతులోకి దిగి చచ్చిందని ఇంకో వెర్షన్. అంత ఐడియా ఉండగా ఇక్కడ పెర్సీ మిసిసిపీ నదిలోకి దూకేస్తాడు అంతే 😀

ప్రశ్న అడిగినాయన:
అరే ఇంకా ఆ పేజీకి రాలేదు, స్పాయిలర్ ఇచ్చేశావ్ కదయ్యా