అర్ధరాత్రి కారు అలారం దానంతట అదే మోగుతోంది, ఎవరికైనా ఇలా జరిగిందా?

సెల్లార్ పార్కింగ్, కూకట్‌పల్లి

అందరికీ నమస్కారం. మాది ఆరేళ్ల హ్యాచ్‌బ్యాక్. అలారం కంపెనీ నుంచి వచ్చిందే, బయట పెట్టించింది కాదు. ఈ పది రోజుల్లో నాలుగు సార్లు రాత్రి ఒంటి గంటకీ మూడింటికీ మధ్య మోగింది. రిమోట్‌తో ఆపి మళ్లీ లాక్ చేస్తాను, ఒక్కోసారి అరగంటకే మళ్లీ మొదలు. అద్దాలు, డోర్లు, డిక్కీ అన్నీ చూశాను. ఎక్కడా గీత కూడా పడలేదు. మొదటి అంతస్తులో నెలల పాప ఉంది. నిన్న రాత్రి వాళ్ల నాన్న పాపని ఎత్తుకుని కిందికి వచ్చారు. ఒక్క మాట అనలేదు గానీ నాకే చాలా బాధేసింది. సర్వీస్ సెంటర్‌లో పగలు చూసి అంతా బాగానే ఉందని పంపించేశారు. ఫ్యూజు తీసేయమంటున్నాడు మా వాచ్‌మన్. తీసేయనా? అసలు దొంగ వచ్చాడని ఈ అలారానికి ఎలా తెలుస్తుంది?

ఆటోనగర్ వైరింగ్, విజయవాడ

ఫ్యూజు తీయకండి సార్. చాలా కార్లలో ఆ ఫ్యూజు మీదే హారనో, సెంట్రల్ లాకో కూడా నడుస్తుంటాయి. ఇరవై ఏళ్లుగా కారు వైరింగ్ పనే చేస్తున్నాను, నాకు తెలిసింది చెప్తాను.

దొంగ ఎవరో, ఓనర్ ఎవరో అలారానికి తెలియదు. మీరు రిమోట్ నొక్కి లాక్ చేయగానే లోపలి కంట్రోల్ బాక్సు, మేం బీసీఎం అంటాం, కొద్ది సెకన్లు ఆగి డోర్లు, డిక్కీ, బానెట్ స్విచ్‌లు ఎలా ఉన్నాయో చూసుకుంటుంది. డ్యాష్‌బోర్డు మీద ఎర్ర లైటు ఆగి ఆగి వెలుగుతోందంటే కాపలా మొదలైనట్టే. ఇక అక్కడి నుంచి రిమోట్ కోడ్ రాకుండా ఏ స్విచ్ అయినా 'తెరుచుకుంది' అని చెబితే చాలు. హారన్ కొడుతుంది, ఇండికేటర్లు నాలుగూ వెలుగుతాయి. డోర్ నిజంగానే తెరిచారా, స్విచ్‌లోకి నీళ్లు పోయి అలా కనిపించిందా అన్న తేడా దానికి అందదు.

బేసిక్ మోడల్ కార్లలో ఉండేది ఈ స్విచ్‌ల కాపలా ఒక్కటే. అద్దం పగలగొట్టి సీటు మీది బ్యాగు లాక్కుపోయినా అవి మోగవు, డోర్ తెరవాల్సిందే. ఈ సంగతి కస్టమర్లకి ఎవరూ చెప్పరు. అలారం ఉందన్న ధైర్యంతో ల్యాప్‌టాప్ కార్లో వదిలేసి పోగొట్టుకున్నవాళ్లు నా దగ్గరకే ఎంతోమంది వచ్చారు.

మీ కారు విషయంలో నా అనుమానం బానెట్ స్విచ్ మీద. ఈ మధ్య సర్వీస్‌లో ఇంజిన్ వాష్ చేయించారా?

సెల్లార్ పార్కింగ్, కూకట్‌పల్లి

అవునన్నా! చేయించాను. సర్వీస్ నుంచి వచ్చిన మూడో రోజే మొదటిసారి మోగింది. కానీ పగలు ఒక్కసారి కూడా మోగలేదే?

ఆటోనగర్ వైరింగ్, విజయవాడ

పగలు ఇంజిన్ వేడికి తడి ఆరిపోతుంది. రాత్రి ఇంజిన్ చల్లబడి, గాలిలో తేమ పెరిగాక, వాష్ నీళ్లు పోయి స్విచ్‌లో పట్టిన చిలుము మీద మళ్లీ చెమ్మ చేరుతుంది. స్విచ్ మూసే ఉన్నా కంట్రోల్ బాక్సుకి అటూ ఇటూ ఊగే సిగ్నల్ వెళ్తుంది. పగలు సర్వీస్ సెంటర్‌లో చూసినవాళ్లకి ఏమీ దొరక్కపోవడంలో వింత లేదు.

బీచ్ రోడ్ డ్రైవర్, విశాఖపట్నం

మాది వేరే కథ. రిమోట్ బ్యాటరీ అయిపోయింది. తాళం చెవి డోర్‌లో పెట్టి తిప్పి తెరిచాను, అంతే, మాల్ పార్కింగ్ అంతా దద్దరిల్లింది. సెక్యూరిటీ వాళ్లు పరుగెత్తుకొచ్చారు, పక్కన పిల్లలు, ఒకటే టెన్షన్. బ్యాటరీ టెర్మినల్ పీకేస్తే పోతుందని ఎవరో అంటే అదీ చేశాను. సైరన్ ఆగలేదు! కొన్ని కార్లలో సైరన్‌కి సొంత బ్యాటరీ ఉంటుందట. వైర్లు కోస్తే మోగడం ఆగకూడదనే అలా పెడతారని తర్వాత తెలిసింది.

చేయాల్సింది చాలా సులువు. చెవితో తెరిచాక లోపల కూర్చుని ఇగ్నిషన్‌లో పెట్టి ఆన్ చేయాలి. చెవిలోని చిప్‌ని కారు గుర్తుపట్టి అలారం ఆపేస్తుంది. బటన్ స్టార్ట్ కారైతే రిమోట్‌ని బటన్‌కి ఆనించడమో, మాన్యువల్‌లో చూపించిన చోట పెట్టడమో చేయాలి. దయచేసి ఇంట్లో కారు నడిపే అందరికీ ఇది నేర్పండి.

పెన్నా ఒడ్డు, నెల్లూరు

మాది బయట షాపులో పెట్టించిన అలారం. అందులో షాక్ సెన్సర్ ఉంటుంది, అగ్గిపెట్టెంత డబ్బా. కారు బాడీ అదిరితే లోపలి పీజో బిళ్ల చిన్న కరెంటు పుట్టిస్తుంది. మెల్లగా తట్టితే 'కీ కీ' మని రెండు మూడు హెచ్చరికలు, గట్టిగా తగిలితే పూర్తి సైరన్. వినాయక నిమజ్జనం రోజు డీజే బండి మా వీధిలోకి రాగానే మోగింది, దీపావళికి లక్ష్మీ బాంబు పేలిన ప్రతిసారీ మోగింది.

డబ్బా పక్కన సెన్సిటివిటీ స్క్రూ ఉంటుంది. దాన్ని తగ్గించాం. ఇంకా పెద్ద తప్పు ఏమిటంటే, షాపువాళ్లు డబ్బాని ఎక్కడా బిగించకుండా వైర్లకే వేలాడదీశారు. స్టీరింగ్ కింద ఇనుప బ్రాకెట్‌కి ట్యాగుతో గట్టిగా కట్టాక పరిస్థితి సగానికి సగం మారింది.

ఇసార్ తీరం, మ్యూనిక్

నేను జర్మనీలో ఉంటాను. మా కారులో లోపలి కదలికని పట్టే అల్ట్రాసోనిక్ సెన్సర్ ఉంది. మన చెవి దాదాపు 20 కిలోహెర్ట్జ్ దాకా వింటుంది, ఇది 40 కిలోహెర్ట్జ్ దగ్గర శబ్దం వదిలి, తిరిగొచ్చే ప్రతిధ్వనిని వింటుంది. క్యాబిన్‌లో ఏది కదిలినా ప్రతిధ్వని మారుతుంది. అందుకే అద్దం వేలెడంత దింపి వదిలేస్తే గాలికి మోగుతుంది. మా అమ్మ లోపల వెనక చూసే అద్దానికి కట్టిన చిన్న గంటల దండ ఊగి రెండు రాత్రులు మోగింది. ఇప్పుడు దాన్ని డ్యాష్‌బోర్డు అరలో జాగ్రత్తగా పెట్టుకున్నాను.

దీంతో పాటు వంపు సెన్సర్ కూడా ఉంది. లాక్ చేసినప్పుడు కారు ఏ కోణంలో ఉందో అదే సున్నాగా తీసుకుంటుంది. జాకీ వేసి చక్రం లేపినా, టోయింగ్ బండి ముందుభాగం ఎత్తినా పట్టేస్తుంది. ఫెర్రీలో కారు ఎక్కించేటప్పుడు ఈ రెండింటినీ ఆపేయాలి, దానికి విడిగా బటనో, మెనూలో ఆప్షనో ఉంటుంది. ఇక్కడి నిబంధనల ప్రకారం సైరన్ ఒకసారి మొదలైతే 25 నుంచి 30 సెకన్లు మోగి ఆగాలి, రాత్రంతా మోగుతూ ఉండకూడదు.

లేక్ వ్యూ, చికాగో

ఒక మాట కలుపుతాను. కారుని ఎత్తుకుపోకుండా నిజంగా ఆపేది సైరన్ కాదు, ఇమ్మొబిలైజర్. చెవిలో బ్యాటరీ అక్కర్లేని చిప్ ఉంటుంది. ఇగ్నిషన్ చుట్టూ ఉన్న కాయిల్ దానికి శక్తినిచ్చి కోడ్ అడుగుతుంది. కోడ్ కుదరకపోతే ఇంజిన్ నడవదు. బ్రిటన్‌లో 1998 నుంచి కొత్త కార్లకి ఇది తప్పనిసరి. అమెరికాలో అలాంటి నియమం లేదు. దాని ఫలితం 2021, 2022లో చూశాం. ఇమ్మొబిలైజర్ లేని హ్యుందాయ్, కియా కార్లని స్టీరింగ్ కవరు విప్పి, యూఎస్‌బీ కేబుల్ కొసతో తిప్పి నడుపుకుపోయారు. అది వీడియోలుగా పాకింది. చివరికి 2023 ఫిబ్రవరిలో సుమారు 83 లక్షల కార్లకి ఉచిత సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ ప్రకటించారు. అందులో అలారం మోగే సమయాన్ని 30 సెకన్ల నుంచి నిమిషానికి పెంచారు, చెవి ఇగ్నిషన్‌లో ఉంటేనే కారు ఆన్ అయ్యేలా చేశారు.

కారు కొనేటప్పుడు మ్యూజిక్ సిస్టమ్ గురించి ఎంత అడుగుతామో, దీని గురించి కూడా అంత అడగాలి.

కాకతీయ, హనుమకొండ

బయట అలారం పెట్టించేవాళ్లకి ఒక చిన్న సంగతి. ఏఆర్‌ఏఐ (మన దేశంలో వాహనాలని, వాటి పరికరాలని పరీక్షించే సంస్థ) ఆమోదం ఉన్న యాంటీ థెఫ్ట్ పరికరమైతే ఇన్సూరెన్స్‌లో ఓన్ డ్యామేజ్ ప్రీమియం, అంటే మన సొంత కారు నష్టానికి కట్టే భాగం మీద 2.5 శాతం, గరిష్ఠంగా ₹500 తగ్గింపు ఉంది. తక్కువే, కానీ సర్టిఫికెట్ అడిగి తీసుకోండి.

ఆటోనగర్ వైరింగ్, విజయవాడ

కూకట్‌పల్లి సార్, ఈ రాత్రి ఒక పని చేయండి. బానెట్ స్విచ్ కప్లర్, అంటే వైరు ప్లగ్గు, ఊడదీసి, చివర్లకి ఇన్సులేషన్ టేపు చుట్టి లాక్ చేయండి. చాలా కార్లలో ఆ వైరుకి ఎర్త్ తగిలితేనే 'తెరుచుకుంది' అని అర్థం కాబట్టి, ఊడదీస్తే మూసి ఉన్నట్టే లెక్క. కొన్ని కార్లలో తిరగేసి ఉంటుంది. అలాంటిదైతే ఊడదీయగానే బానెట్ తెరిచి ఉన్నట్టు చూపిస్తుంది, అప్పుడు అలా వదిలేయకండి. రెండు మూడు రాత్రులు మోగకపోతే తప్పు అక్కడే. మోగితే ఒక్కో డోర్ చూసుకుంటూ రావాలి. స్కానర్ ఉన్నచోటికి వెళ్తే, కొన్ని మోడళ్లలో చివరిసారి ఏ స్విచ్ వల్ల మోగిందో బీసీఎంలోనే కనిపిస్తుంది. సర్వీస్ సెంటర్ వాళ్లని అది చూడమని గట్టిగా అడగండి. 'అంతా బాగానే ఉంది' అంటే వదలొద్దు.

సెల్లార్ పార్కింగ్, కూకట్‌పల్లి

ఐదు రోజుల తర్వాత రాస్తున్నాను. కప్లర్ తీసిన మూడు రాత్రులూ నిశ్శబ్దం. నాలుగో రోజు స్విచ్ విప్పించాను, లోపల ఆకుపచ్చగా చిలుము, తడి. కొత్త స్విచ్ వేయించి, కప్లర్‌లో గ్రీజు పెట్టించాను. నిన్న రాత్రి పెద్ద వాన పడినా మోగలేదు. పొద్దున్నే పాప వాళ్ల నాన్నకి విషయం చెప్పి క్షమాపణ అడిగాను. ఆయన మీ అందరికీ థాంక్స్ చెప్పమన్నారు. ఆటోనగర్ అన్నా, ఇకమీదట ఇంజిన్ వాష్ పూర్తిగా మానేయాలా?

ఆటోనగర్ వైరింగ్, విజయవాడ

ప్రెషర్ గన్‌తో వద్దు సార్. తడి గుడ్డతో తుడిపించండి, చాలు.