నరం అంటే ఏ నరం? జీబీఎస్ వార్తల్లో ఒక మాట

ప్రశ్న: "మన రోగనిరోధక కణాలే నరాల మీద దాడి చేస్తాయి" అని జీబీఎస్ (గిలాన్-బారే సిండ్రోమ్ అనే నరాల జబ్బు) గురించి ఒక వ్యాసంలో చదివి వినిపిస్తే, మా అమ్మ "అంటే రక్తం సరిగ్గా పారదా?" అని అడిగింది. ఇక్కడ నరం బదులు నాడి అనాలా? పెద్దలు చెప్పగలరు.

జవాబు: మీ అమ్మగారు సరిగ్గానే అడిగారండీ. సెలైన్ పెట్టబోయే నర్సు "నరం దొరకడం లేదు" అంటే అది సిర. మెడ తిప్పలేక "నరం పట్టేసింది" అంటే చాలాసార్లు అది కండరం. "నరాలు తెగే ఉత్కంఠ" అన్నప్పుడే అది నెర్వ్. తమిళంలో నరంబు, కన్నడంలో నర, మనకు నరం. పాత ద్రావిడ మాట. ఒంట్లో తాడులా తగిలే ప్రతిదానికీ మనవాళ్లు దాన్నే వాడుకున్నారు.

జీబీఎస్ దగ్గర ఈ చిక్కు మరీ ముదురుతుంది. ఈ జబ్బుకు ఇమ్యునోగ్లోబులిన్ మందును సిరలోకి ఎక్కిస్తారు. "నరాల జబ్బట, నరానికి మందు ఎక్కిస్తున్నారు" అని బంధువులు ఫోన్లో చెప్పుకుంటారు. ఒకే వాక్యంలో రెండు నరాలు, రెండూ వేరు.

జరిగేదేమిటో చూస్తే మాట ఎంచుకోవడం తేలిక. 2025 జనవరిలో పుణేలో కేసులు పెరిగినప్పుడు ఈ పేరు మన పేపర్లకూ ఎక్కింది. చాలామందిలో ఈ జబ్బుకు కొద్ది రోజుల ముందు విరేచనాలో జలుబో వచ్చి ఉంటుంది. కాంపైలోబాక్టర్ జెజునై అనే బాక్టీరియా పైపొరలోని కొన్ని చక్కెర అణువులు మన నరాల మీది గాంగ్లియోసైడ్లు అనే అణువులను పోలి ఉంటాయి. బాక్టీరియా కోసం తయారైన యాంటీబాడీలు ఆ పోలిక వల్ల నరాన్నీ పట్టుకుంటాయి. జీబీఎస్‌లోనే ఇంకో రకంలో మాక్రోఫేజ్‌లనే రోగనిరోధక కణాలు నరం చుట్టూ ఉండే మయలిన్ తొడుగును ఒలిచేస్తాయి. ఎలాగైనా మెదడు పంపిన కబురు కాలికి చేరదు.

కాబట్టి "దాడి" అన్న మాట సరైనదే. అయితే ఆ మాక్రోఫేజ్‌లకు అదొక్కటే పని అనుకోకూడదు. నరం తెగితే అవతలి ముక్క చివికిపోతుంది. 1850లో అగస్టస్ వాలర్ కప్ప నాలుక నరాల్లో ఈ సంగతి గమనించాడు. ఆ శిథిలాన్ని తినేసి దారి శుభ్రం చేసేవాటిలో మాక్రోఫేజ్‌లు ముఖ్యమైనవి. ఆ దారిన కొత్త తంతువు రోజుకు సుమారు 1 మిల్లీమీటరు చొప్పున పెరుగుతుంది. నాకు ఈ విషయంలో అన్నిటికన్నా నచ్చేది ఇదే. తెలుగులో రాసేవాళ్లు దీన్నీ రాయాలి.

మరొకరు: పాఠ్యపుస్తకాల్లో నాడీకణం, నాడీవ్యవస్థ ఉన్నాయి కదండీ. నాడి అంటే సరిపోదా?

జవాబు: బడిలో సరిపోతుంది. ఇంట్లో మాత్రం నాడి చూడటమంటే మణికట్టు పట్టుకోవడమే, అక్కడ కొట్టుకునేది ధమని. అంటే మళ్లీ రక్తం దగ్గరికే వచ్చాం. నరం అనే మాటను వదలొద్దని నా అభిప్రాయం. మొదటిసారి "స్పర్శనీ కదలికనీ మోసే నరాలు" అని రాసి, ఆ తర్వాత ఉట్టి నరాలు అనొచ్చు. రక్తం పారేవాటిని ఆ వ్యాసంలో ఎక్కడా నరాలనకుండా రక్తనాళాలనాలి.

నేను గట్టిగా వద్దనేది ఒక్కటే, జీబీఎస్ లక్షణంగా "నరాల బలహీనత" అని రాయడం. ఆ మాటను గోడల మీది ప్రకటనలు ఎప్పుడో మగవాళ్ల లైంగిక సమస్యలకు కట్టేశాయి. అది చదివినవాళ్లు సిగ్గుపడి ఇంట్లో చెప్పుకోకపోవచ్చు. "కాళ్లలో పట్టు తప్పుతుంది, తిమ్మిరి పైకి పాకుతుంది, చేతులూ చచ్చుబడొచ్చు" అని రాయండి. ఊపిరి తీసే కండరాలదాకా వస్తే వెంటిలేటర్ కావాలి గనక, కాళ్లు తడబడ్డ రోజే ఆస్పత్రికి వెళ్లాలన్న మాట కూడా అక్కడే చేర్చాలి.