స్పెయిన్ మార్కుల పత్రంలోని పొట్టి అక్షరాలను ఇంగ్లీషులో ఎలా రాయాలి?

సముద్రపుగాలి (ద్వారకానగర్, విశాఖపట్నం):
నమస్కారం. మా జిరాక్స్ కొట్టు వెనక గదిలో అనువాదాల పని చేస్తుంటాను. స్పెయిన్‌లో డిగ్రీ చదివిన ఒక అమ్మాయి నిన్న మార్కుల పత్రం తెచ్చింది. మూడు పేజీల నిండా పొట్టి అక్షరాలే. ‘ఎన్.పి.’ ఉన్నచోట ‘నాట్ పాస్డ్’ అని టైపు చేసేశాను. ఆ అమ్మాయి చూసి, “ఆంటీ, ఆ రోజు జ్వరంతో నేను పరీక్షకే వెళ్లలేదు” అంది. ఆ అమ్మాయి ఇచ్చిన ఇరవై రూపాయల నోటు చేతిలో పట్టుకుని తలదించుకున్నాను. మిగతావి ఎన్ని తప్పులో! ‘ఎస్.ఎస్.’, ‘ఎం.హెచ్.’, ‘ఓ.బి.’ అంటే ఏమిటి? మార్కు 7,5 అని కామాతో ఉంది, అలాగే ఉంచాలా?

పాతగుమాస్తా (సీతమ్మధార):
అమ్మా, ‘ఎన్.పి.’ అంటే నో ప్రెసెంతాదో, పరీక్షకు హాజరు కాలేదని. ‘ఎస్.ఎస్.’ సుస్పెన్సో. చూడగానే కాలేజీ నుంచి సస్పెండ్ చేశారనిపిస్తుంది కానీ అది ఉత్త ఫెయిలే. అక్కడ మార్కులు పదికి. 2003 నాటి 1125వ రాజశాసనం ప్రకారం 5 లోపు సుస్పెన్సో, 5 నుంచి 6.9 వరకు అప్రోబాదో (పాస్), 7 నుంచి 8.9 వరకు నోతాబ్లే (మంచి మార్కు), ఆపైన సోబ్రెసాలియెంతే (అత్యుత్తమం). ‘ఎం.హెచ్.’ అంటే మాత్రికులా దె ఓనోర్, అన్నిటికన్నా పై గౌరవం. అది వేరే సంగతి. 9 లేదా ఆపైన వచ్చినవారిలోనే, అదీ ఆ సబ్జెక్టులో చేరినవారిలో 5 శాతానికి మించకుండా ఇస్తారు. చేరింది 20 మంది లోపైతే ఒక్కరికే. దాన్ని ‘డిస్టింక్షన్’ అని రాస్తే ఆ పిల్లకు అన్యాయం చేసినట్టే. స్పానిష్ పేరు అలాగే ఉంచి, పక్కన అర్థం రాయండి.

చి.ల.సౌ.:
నా పేరే దీనికి ఉదాహరణ. పెళ్లి శుభలేఖలోని ఈ మూడక్షరాలను ఇంగ్లీషులో ‘సి.ఎల్.ఎస్.’ అని వదిలేస్తే పెళ్లికూతురు ఏ ఉద్యోగం చేస్తోందని అడుగుతారు. ‘ఓ.బి.’ తప్పనిసరి సబ్జెక్టు, ‘ఓ.పి.’ ఎంచుకున్నది, ‘ఎఫ్.బి.’ ప్రాథమిక శిక్షణ. కామాను చుక్కగా మార్చవచ్చు. 7.5ను మాత్రం 75 శాతం చేయకండి, అది అనువాదకుల పని కాదు. క్రెడిట్లూ అంతే. అక్కడ ఒక క్రెడిట్ అంటే 25 నుంచి 30 గంటల పని, మన లెక్కకు తేవద్దు.

సముద్రపుగాలి:
రెండో పేజీలో ‘సస్పెండెడ్’ అని రెండుచోట్ల రాసి ఉన్నాను! దిద్దాను. ఆ అమ్మాయి సాయంత్రం వస్తానంది, ఆ ఇరవై తిరిగి ఇచ్చేస్తాను.