బుల్లెట్ ఒంటి సీటుకు చెక్కడపు తోలు కవరు: తొడగడం, లేసు అల్లడం

ప్రశ్న: నా బుల్లెట్‌కు స్ప్రింగులపై నిలిచే ఒంటి సీటు ఉంది. అడుగున ఇనుప రేకు, దానిపై ఫోమ్ ఉన్నాయి. మూడున్నర మిల్లీమీటర్ల మందం గల తోలుపై తామర తీగ చెక్కి, అంచు చుట్టూ తోలు లేసు అల్లాలని ఉద్దేశం. అయితే తోలును తడిపి సీటుపై పరిచి చూడగా, ముందువైపు కొన దగ్గర ముడతలు పడుతున్నాయి. ముందు చెక్కి తరువాత తొడగాలా, తొడిగిన తరువాత చెక్కాలా? అనుభవజ్ఞులు దయచేసి తెలుపగలరు.

మొదటి సమాధానం: ఈ రెండూ కాదండి, ముందు ఆకారం తెచ్చి, విప్పి, చెక్కి, మళ్ళీ తొడగాలి. చెక్కిన తోలును తడిపి లాగితే తామర రేకులు సాగి, గీతలు పలచబడిపోతాయి.

అన్నిటికంటే ముందు తోలు ఏ రకమో చూసుకోండి. తంగేడు చెక్క, కరక్కాయ వంటి వాటితో పదును చేసిన తోలే చెక్కడాన్ని నిలుపుకుంటుంది. క్రోమియం లవణాలతో పదును చేసిన క్రోమ్ తోలుపై ఎంత కొట్టినా ముద్ర నిలవదు. కోసిన అంచు లోపల నీలిబూడిద రంగు కనిపిస్తే అది సాధారణంగా క్రోమ్ తోలే. మరొక ముఖ్య విషయం, తడి తోలుకు ఇనుము తగిలితే నల్లటి మరకలు పడతాయి, అవి తేలికగా పోవు. శ్రీకాళహస్తి కలంకారీలో కరక్కాయ పట్టించిన బట్టపై ఇనుప తుప్పు, బెల్లం కలిపి ఊరబెట్టిన నీటితో నల్లని గీత పుట్టేదీ ఈ చర్యవల్లనే. కాబట్టి రేకును ప్లాస్టిక్ కాగితంతో పూర్తిగా చుట్టి, క్లిప్పుల కింద తోలు ముక్కలు పెట్టండి.

అంచుకు అన్నివైపులా నాలుగైదు సెంటీమీటర్లు అదనంగా ఉంచి, మొదట ముందువెనుకలు, తరువాత ఎడమకుడులు, చివరకు మూలలు లాగి బిగించండి. ముడతను ఒక్కసారిగా లాగకుండా, దానికి ఇరువైపులా కొద్దికొద్దిగా పంచండి. అప్పటికీ కొన దగ్గర ముడత పోకపోతే పై ముక్కను సీటు అంచు దాకానే కోసి, పక్క భాగానికీ అడుగుకూ వేరే ముక్క వేయండి. లేసు ఆ రెంటినీ కలుపుతుంది. నీడలో ఆరనివ్వండి, ఎండలో పెడితే తోలు ముడుచుకుని బిరుసెక్కుతుంది.

ఆరిన తరువాత అంచు గీత గుర్తించి విప్పండి. వంపు తిరిగే చోట చెక్కడం వద్దు, బొమ్మను పైభాగానికే పరిమితం చేయండి. తోలు వెనుక టేపు అంటిస్తే సుత్తి దెబ్బలకు సాగదు. మళ్ళీ తడిపి రాత్రంతా ప్లాస్టిక్ సంచిలో ఉంచి, రంగు దాదాపు మామూలు స్థితికి వచ్చినా చెంపకు ఆనిస్తే చల్లగా తగిలే దశలో చాకు పట్టుకోండి.

అడిగినవారు: కృతజ్ఞతలండి. రంధ్రాలు ఎప్పుడు వేయాలి, లేసు ఎంత కావాలి?

రెండవ సమాధానం: పై సూచనలతో ఏకీభవిస్తున్నాను. రంగు, నూనె, మైనం పని ముగించి, తోలు పూర్తిగా ఆరాక, పై ముక్కనూ కింది ముక్కనూ అంచు వెంట సన్నగా రబ్బరు జిగురుతో అంటించి, రెండింటికీ కలిపి ఒకేసారి రంధ్రాలు కొట్టండి. విడివిడిగా కొడితే మూలల దగ్గర లెక్క తప్పుతుంది. మూడు మిల్లీమీటర్ల లేసుకు రంధ్రాల మధ్య ఐదారు మిల్లీమీటర్లు సరిపోతుంది. అంటించక ముందే బోల్టులు బిగించి చూసుకోండి, అల్లిక మూసుకున్నాక రేకు లోపలికి చేయి వెళ్ళదు.

సాధారణ చుట్టుకుట్టుకు అంచు పొడవుకు సుమారు మూడున్నర రెట్లు, జడలా కనిపించే రెండు వరుసల కుట్టుకు దాదాపు ఏడు రెట్లు లేసు పడుతుంది. మీ సీటు చుట్టుకొలత మీటరనుకుంటే జడకుట్టుకు ఏడు మీటర్లు. అంతటినీ ఒకే పోగుగా లాగితే రంధ్రాల రాపిడికి లేసు నూగెత్తి పలచబడుతుంది. కాబట్టి రెండేసి మీటర్ల ముక్కలు తీసుకుని, చివరలను రెండు సెంటీమీటర్ల మేర సగం మందానికి చెక్కి, అంటించి అతకండి. తేనెమైనం రుద్దితే జారుడుగా సాగుతుంది. సీటు వెనుక, కింది వైపు మొదలుపెట్టండి, అతుకు అక్కడ కనబడదు. ముందు కొన వంపులో ఒకే రంధ్రంలో రెండుసార్లు దూరిస్తే అంచుపై ఖాళీ కనిపించదు.

వానకాలంలో మాత్రం లేసు రంధ్రాల గుండా నీరు ఫోములోకి దిగుతుంది. నీరు పీల్చని రకం ఫోమ్ వేయించి, బయట నిలిపినప్పుడు ప్లాస్టిక్ తొడుగు వేయండి.