ఎండలకు టమాటా పూత నిలవడం లేదు, ఏం చేయాలి?

మేడ మీద కుండీల్లో టమాటా మొక్కలు ఏపుగానే ఉన్నాయి. పూత బాగా వస్తోంది కానీ పిందె పట్టకముందే కాడతో సహా రాలిపోతోంది. పగలు 35 డిగ్రీలు దాటి, రాత్రి కూడా వేడి తగ్గకపోతే పుప్పొడి దెబ్బతింటుందని చదివాను. పగటి ఎండకైతే షేడ్ నెట్ కట్టొచ్చు, మరి రాత్రి ఉక్కకు ఏం చేయాలి? నా టెన్షన్ అంతా అదే. 50 శాతం ఎండను ఆపే నెట్ వేస్తే వెలుతురు చాలక పూత ఇంకా తగ్గుతుందా, 35 శాతం సరిపోతుందా?

నిలిచిన కాసిని కాయలకూ అడుగున నల్లమచ్చ వస్తోంది. కాయకు కాల్షియం అందకపోతే అలా అవుతుందట, తడి ఒకలా లేకపోయినా అంతేనట. ఉదయం నిండుగా నీళ్లు పోస్తున్నా మధ్యాహ్నానికి ఆకులు వాడిపోతున్నాయి. సాయంత్రం కూడా పోయాలా, ఎండుటాకులు పరిస్తే చాలా? నడివేసవిలో కాయలు కాయించినవాళ్లు దయచేసి చెప్పండి, ఈ మొక్కలను పీకేయడానికి మనసు రావడం లేదు.